దొడ్డిదారి

నా పని కొలవడం.
చీకటి గదిలో రెండు తెరల ముందు కూర్చుని
ఎవరిదో ఒక గుండెని
నువ్వుగింజ మందాన తరిగి
మిల్లీమీటర్లలో రాసి పైకి పంపడం.

ఎర్మెలిందా ఓయార్సూన్, ఎనభై మూడు.
వల్పరాయీసో రేవులో ఓడలకి జెండాలు కుట్టిన మనిషి.
ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలవమ్మా అంటే
"మా ఇంటికి నూట తొంభై రెండు.
ఆగిన చోటల్లా ఒక స్నేహితురాలు దొరికింది,
ఇప్పుడు కొండంతా చుట్టాలే" అంది,
అంటూ అంటూ మధ్యలో రెండుసార్లు ఆగింది.

మూడు రేకులుండాల్సిన కవాటానికి
పుట్టుకతో రెండే.
రెండూ సున్నం తాగి గవ్వల్లా బిగుసుకుని
మధ్యన మిగిలింది కాజా అంత సందు.
బృహద్ధమని పొడవునా తెలుపే తెలుపు.
పింగాణీ అంటాం దీన్ని.
సర్జన్ ఇరిబార్రెన్ రెండుసార్లు చూసి
కుర్చీ వెనక్కి జరిపాడు:
"పటకారు వేస్తే పెంకులే."

పోనీ తొడలోంచి వెళ్దామా?
కుడిది నాలుగు మిల్లీమీటర్లు, ఎడమది నాలుగుంబావు,
రెండింటికీ మా కొండదారుల వంకరలే.
మెడలోది ఎప్పుడో ఒకసారి నోరు పక్కకి లాగి వదిలిన నాళం,
దాని జోలికి వద్దు.
భుజం కిందది పెన్సిల్ ములుకు.
శుక్రవారం సమావేశంలో కాఫీలు చల్లారాయి.
"కుదరదు" అన్న మాట బల్ల మీదికొచ్చి కూర్చుంది,
నాదని ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ రాత్రి మళ్ళీ తెరిచాను.
మూడో నడుము పూస ఎదురుగా
సున్నం అంటని జాగా, చిటికెనవేలి గోరంత.
దాని పక్కనే పెద్ద సిర,
గోడకి గోడ ఆనుకున్న రెండిళ్ళలాగా.

సిరలోంచి ఎక్కి, తీగకి కరెంటిచ్చి,
గోడకి చిల్లుపెట్టి ధమనిలోకి దాటడం.
చేసేవాళ్ళు ఉన్నారు. మేం చెయ్యలేదు.
సాంతియాగో నుంచి డాక్టర్ వెంచుమిల్ బస్సులో వచ్చింది,
ఒళ్ళో సామాను పెట్టె పెట్టుకుని.

ఆమె కాగితం మీద గీసి చెబుతుంటే
ముసలమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది.
"భూకంపం ఏడు మా మెట్లు కూలాయి.
ఏడు నెలలు నేను ఇల్లు చేరింది
ఎలియానా వంటింట్లోంచే.
ఆవిడ ఉల్లిపాయలు తరుగుతుండేది,
నేను జెండాల మూటతో పొయ్యి పక్కనుంచి దాటేదాన్ని.
ఒక్కటే షరతు: వెళ్తూ తలుపు వేసి వెళ్ళు.
మరి మీరు వేస్తారా?"

"చిన్న బిరడా పెడతాం" అంది డాక్టర్,
కలం మూత పెడుతూ.

అద్దం ఇవతల సీసపు కోటులో నేను.
పెడల్ నొక్కారు. ఒక్క క్షణం.
ఇవతలున్న తీగ అవతలుంది.
తర్వాత గుండెని నిమిషానికి నూట ఎనభైకి తోలారు.
అది పరుగు కాదు, నిలబడి వణకడం.
పీడనం గీత నేలని పట్టేసింది.
బుడగ ఉబ్బింది, ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారు,
ఆవు గుండెపొరతో ఎవరో ఆడవాళ్ళు చేత్తో కుట్టిన
మూడు రేకులు ఆ సున్నాన్ని పక్కకి నెట్టాయి.
ఏం కుట్టో అడిగి చెప్పమంది ఆవిడ. అడగడం మర్చిపోయాను.

అంచున సన్నని కారుదల మిగిలింది.
"స్వల్పం" అని రాశాను.
ఆ తలుపు కూడా వెంటనే పడలేదు,
ఓరగా ఉండిపోయింది.

నెలకి స్కానుకొచ్చింది.
ఫలితం చెప్పే అధికారం నాకు లేదు.
"తలుపు?" అంది.
"గడియ పడింది" అన్నాను.

మెట్లు?
"రెండుచోట్ల ఆగుతున్నా.
ఒకటి ఊపిరికి.
రెండోది ఎలియానా గుమ్మం ఉండిన చోట.
ఎవరో కొనుక్కున్నారులే,
ఇప్పుడక్కడ వెల్లవేసిన గోడ."